ఒసాకా కోట గుమ్మం: ‘షోగున్’ కథలో అసలు గొడవేమిటి?

నాలుగు వందల ఏళ్ళ కిందటి జపాన్ కథ చెప్పే ‘షోగున్’ సిరీస్ చివరి ఎపిసోడ్ అయిపోగానే చాలామందికి వచ్చే డౌటు ఒకటే: ఇంతకీ యుద్ధం ఏదీ? పది ఎపిసోడ్ల పాటు సైన్యాలు కదులుతాయి, ఫిరంగులు పేలుతాయి, తలలు తెగుతాయి. తీరా అసలు యుద్ధం దగ్గరికి వచ్చేసరికి కథానాయకుడు తొరనాగా దాన్ని నాలుగు మాటల్లో చెప్పేసి ఊరుకుంటాడు. ఇంతసేపూ కూర్చోబెట్టి మోసం చేశారే అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ యుద్ధం తొమ్మిదో ఎపిసోడ్‌లోనే అయిపోయిందనిపించింది. మారికో అనే స్త్రీ ఒసాకా కోట గుమ్మం దాటి వెళ్తానని పట్టుబట్టినప్పుడే తొరనాగా శత్రువు ఇషిదో ఓడిపోయాడు. అదెలాగో తెలియాలంటే 1598 దగ్గర మొదలుపెట్టాలి. కథ మొత్తం ఇక్కడ బయటపడిపోతుంది కాబట్టి సిరీస్ ఇంకా చూడనివాళ్ళు చూసొచ్చి చదువుకోవడం మేలు.

ముందు పాత్రల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం గందరగోళం పేర్లతోనే. 2024లో ఎఫ్ఎక్స్ తీసిన ఈ సిరీస్‌కు 1975లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల ఆధారం. 1980లో ఒకసారి తోషిరో మిఫునేతో టీవీకి తీశారు. కొత్తదాంట్లో మాటలు ఎక్కువ భాగం జపనీస్‌లోనే ఉన్నాయి, అయినా 18 ఎమ్మీలు గెలుచుకుంది. నవలలోనే అసలు మనుషుల పేర్లు మార్చేశారు. హిరోయుకి సనాదా వేసిన యోషీ తొరనాగా అసలు చరిత్రలో తొకుగావా ఇయెయాసు. ఇషిదో వెనక ఉన్నది ఇషిదా మిత్సునారి. చనిపోయిన తైకో తోయోతోమి హిదెయోషి, పసివాడైన వారసుడు అతని కొడుకు హిదెయోరి. వారసుడి తల్లి ఒచిబాకు మూలం యోదో. మారికోకు మూలం హొసొకావా గ్రాసియా. ఇంగ్లీషు నావికుడు బ్లాక్‌థోర్న్ అసలు పేరు విలియం ఆడమ్స్. ఇకపై సిరీస్ గురించి చెప్పేటప్పుడు సిరీస్ పేర్లు, చరిత్ర గురించి చెప్పేటప్పుడు చరిత్ర పేర్లు వాడతాను.

హిదెయోషి మామూలు కుటుంబంలో పుట్టి, అప్పటి పెద్ద యుద్ధప్రభువు ఒదా నొబునాగా కొలువులో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, 1590 నాటికి జపాన్ అంతటినీ తన కింద పెట్టుకున్నాడు. అంతటివాడూ షోగున్, అంటే దేశాన్ని పాలించే మహాసేనాని, కాలేదు. ఆ బిరుదు మినమోతో వంశపు మూలాలున్న సైనిక కుటుంబాలకు చెందుతుందని అప్పటి ఆనవాయితీ. వంశం లేని హిదెయోషి ఒక ఫుజివారా కుటుంబంలోకి దత్తత వెళ్ళి, చక్రవర్తి తరఫున పాలించే కంపాకు పదవి తీసుకున్నాడు. ఆ పదవి మేనల్లుడు హిదెత్సుగుకి అప్పగించాక తైకో, అంటే పదవి దిగిన కంపాకు, అయ్యాడు. 1593లో యోదోకు హిదెయోరి పుట్టాడు. మేనల్లుడు ఒక్కసారిగా అడ్డమైపోయాడు. 1595లో అతనితో ఆత్మహత్య చేయించి, భార్యాపిల్లలను క్యోటోలో నది ఒడ్డున చంపించాడు. కొడుకు దారి శుభ్రం చేస్తున్నాననుకున్నాడు కానీ, నిజానికి ఇంట్లో పెద్దయిన మగ వారసుడు ఒక్కడూ లేకుండా చేసుకున్నాడు. మూడేళ్ళకే, 1598 సెప్టెంబరులో, తనూ పోయాడు. పిల్లవాడికి అప్పటికి ఐదేళ్ళు.

పోయేముందు అతను చేసిన ఏర్పాటే ఈ కథకు ఇరుసు. అందరికంటే బలమైన ఐదుగురు సామంతులను పెద్దలుగా పెట్టాడు: ఇయెయాసు, మయెదా తోషియియే, మోరి తెరుమోతో, ఉకితా హిదెయియే, ఉయెసుగి కగెకత్సు. వాళ్ళ కింద రోజువారీ పాలన చూసే ఐదుగురు అధికారులు. మిత్సునారి ఈ రెండో గుంపువాడు. సిరీస్ అతన్ని పెద్దల్లో ఒకడిగా చూపిస్తుంది. కథ నడపడానికి అది సులువే కానీ, ఒక ముఖ్యమైన తేడా అక్కడ పోయింది. అప్పట్లో సామంతుడి బలాన్ని కొకుల్లో లెక్కపెట్టేవాళ్ళు. ఒక కొకు అంటే దాదాపు 150 కిలోల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి. ఇయెయాసు భూముల పంట సుమారు 25 లక్షల కొకులు. మోరి, ఉయెసుగి చెరో 12 లక్షలు. మిత్సునారిది రెండు లక్షల లోపే. అంటే ఇయెయాసుతో తలపడినవాడు సాటి రాజు కాదు, పుస్తకాలూ కొలతలూ చూసే ఒక దివాను. సొంత సైన్యంతో గెలవలేడు కాబట్టి అతని చేతిలో ఉన్నవల్లా పసివాడి పేరు, హిదెయోషి రాసిన నియమాలు, ఒసాకా కోట. సిరీస్‌లో ఇషిదో ఎందుకంత పట్టుదలగా రూలు రూలు అంటాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఐదుగురిని పెట్టడంలో హిదెయోషి ఆలోచన తేలికైనదే. ఒకరు పెరిగితే మిగతా నలుగురూ లాగుతారు. వాళ్ళందరిచేత ప్రమాణ పత్రాలు రాయించుకున్నాడు. చివరి రోజుల్లో ఆ ఐదుగురికీ కొడుకును చూసుకొమ్మని బతిమాలుతూ ఉత్తరం రాశాడు. తన అనుమతి లేకుండా సామంతుల మధ్య పెళ్ళిళ్ళు కుదరకూడదని అంతకుముందే నియమం పెట్టాడు, ఎందుకంటే పెళ్ళంటే పొత్తు. అతను పోయి కొన్ని నెలలు తిరక్కుండానే ఇయెయాసు దాతె, ఫుకుషిమా, హచిసుకా ఇళ్ళతో వియ్యాలు కలుపుకోవడం మొదలుపెట్టాడు. కంచే చేను మేయడమంటే ఇదే. అతన్ని ఎదురుగా నిలబడి అడగగలిగినవాడు మయెదా తోషియియే ఒక్కడే. 1599 వసంతంలో అతనూ పోయాడు. వెంటనే ఏడుగురు సేనానులు మిత్సునారి మీద పడ్డారు. అతను తప్పించుకుని, పదవి వదులుకుని తన సవాయామా కోటకు వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఇయెయాసు ఒసాకా కోట పడమటి భాగంలోకి మకాం మార్చాడు.

సిరీస్ ఈ రెండేళ్ళ లాగులాటను కొన్ని రోజులకు కుదించి, తొరనాగాకు శిక్ష వెయ్యాలా వద్దా అన్న ఓటింగుగా మార్చింది. తొరనాగా ఒసాకాకు వచ్చి ఒంటరిగా చిక్కాడు కదా, ఇషిదో అక్కడే చంపెయ్యొచ్చు కదా అని చూసేవాళ్ళకు అనిపిస్తుంది. చంపితే ఇషిదో హంతకుడవుతాడు. పెద్దలందరూ కలిసి శిక్ష వేస్తే అది తైకో మాట నిలబెట్టినట్టవుతుంది. ఆ తేడా కోసమే అతను ఓటు దగ్గర కూర్చున్నాడు. తొరనాగా పట్టుకున్నది కూడా దాన్నే. పెద్దల్లో ఇద్దరు క్యాథలిక్ క్రైస్తవులు. వాళ్ళకు ముందు ప్రొటెస్టెంటు నావికుడైన బ్లాక్‌థోర్న్ తల కావాలి. ఆ నావికుడిని బతికించి ఉంచినన్నాళ్ళూ వాళ్ళ ఓటు పడదు. అది చాలదన్నట్టు చివరికి తొరనాగా తానే రాజీనామా చేస్తాడు. ఐదుగురు ఉంటేనే సభ, నలుగురుంటే తీర్మానం చెల్లదు. కత్తి దూయకుండా ఒక కాగితంతో మొత్తం ప్రభుత్వాన్ని ఆపేశాడు. అసలు చరిత్రలో ఇలాంటి రాజీనామా జరగలేదు. అయినా అప్పటి రాజకీయం లోపలి తీరును ఈ కల్పన బాగా పట్టుకుంది. ఎవరూ తిరుగుబాటు చేస్తున్నామని ఒప్పుకోరు. ఇయెయాసు ఉయెసుగి మీదికి దండెత్తింది పసివాడి తరఫునే, మిత్సునారి ఇయెయాసు మీదికి లేచింది పసివాడి తరఫునే. చివరికి సెకిగహారా యుద్ధంలో రెండు పక్షాలూ ఒకే పిల్లవాడి కోసం పోరాడుతున్నామని చెప్పుకుని కొట్టుకున్నాయి.

ఇక్కడ సిరీస్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు చెప్పాలి. ఆ ఏడుగురు సేనానులకు మిత్సునారి అంటే అంత మంట ఎందుకు? జవాబు కొరియాలో ఉంది. 1592లో హిదెయోషి చైనా దాకా గెలుస్తానని లక్షన్నరకు పైగా సైన్యాన్ని కొరియా మీదికి పంపాడు. ఆరేళ్ళు సాగిన ఆ యుద్ధం కొరియాను బూడిద చేసింది, జపాన్‌కు పైసా మిగల్చలేదు. ఆ ఏడుగురిలోని కతో కియోమసా, కురోదా నగమసా లాంటివాళ్ళు అక్కడ చలిలో, ఆకలిలో పోరాడుతుంటే మిత్సునారి మనుషులు వాళ్ళ మీద తప్పులు ఎంచి హిదెయోషికి నివేదికలు పంపారు. హిదెయోషి పెంచి పెద్దచేసిన కతో, ఫుకుషిమా లాంటివాళ్ళు కూడా చివరికి హిదెయోషి కొడుకు తరఫు మనిషిని వదిలి ఇయెయాసు వైపు ఎందుకు వెళ్ళారంటే, ఆ పగే పెద్ద కారణం. ఇయెయాసు సైన్యమా, సముద్రమే దాటలేదు. మిగతావాళ్ళ బలం కొరియాలో కరుగుతుంటే అతని బలం చెక్కుచెదరలేదు. సిరీస్‌లో ఇదంతా దాదాపు కనిపించదు. దాంతో ఇషిదో ఉత్త దుర్మార్గుడిగా, తొరనాగా అన్నీ ముందే తెలిసిన మహానుభావుడిగా తేలారు. ఇయెయాసు తెలివైనవాడే, కాదనను. ఆ తెలివికి కొరియా చేసిన సాయం మాత్రం చిన్నది కాదు.

విదేశీయుల గొడవ దీనికంటే తేలిక. చైనా మింగ్ చక్రవర్తులు జపాన్‌తో నేరు వ్యాపారం నిషేధించారు. జపాన్‌కు చైనా పట్టు కావాలి, చైనాకు జపాన్ వెండి కావాలి. మధ్యలో చైనా తీరాన మకావులో కూర్చున్న పోర్చుగీసువాళ్ళు ఏడాదికొకసారి పెద్ద ఓడ నాగసాకికి తెచ్చి రెండు వైపులా లాభం తీసుకునేవాళ్ళు. జెసూట్లనే క్యాథలిక్ పాద్రీల ఖర్చుకూ ఆ పట్టులోంచే వాటా. అందుకే 1600 ఏప్రిల్‌లో క్యూషూ తీరంలో చావుబతుకుల మధ్య ఉన్న రెండు డజన్ల మందితో డచ్చి ఓడ ‘లీఫ్దే’ వచ్చి ఆగగానే, వీళ్ళు దొంగలు, చంపెయ్యండని పాద్రీలు ఇయెయాసుకు చెప్పారు. ఇయెయాసు చంపలేదు. ఆడమ్స్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. తర్వాత కొలువిచ్చి, మియురా ప్రాంతంలో భూమి ఇచ్చాడు. వ్యాపారానికి ఇంకో దారి దొరికిందని అతనికి అర్థమైంది. మన మచిలీపట్నంలో 1611లో కొట్టు తెరిచిన ఇంగ్లీషు కంపెనీయే 1613లో ఆడమ్స్ సాయంతో జపాన్‌లోని హిరాదోలో కొట్టు తెరిచింది. సిరీస్‌లో బ్లాక్‌థోర్న్ హీరోలా మొదలవుతాడు కానీ కథ నడిచేకొద్దీ తొరనాగా చేతిలో పావుగా మారిపోతాడు. అది రచయితలు తెలిసి తీసుకున్న మంచి నిర్ణయం.

ఇక బందీల దగ్గరికి వద్దాం. ఆ కాలంలో మాట మీద నమ్మకం కుదరాలంటే మనిషిని తాకట్టు పెట్టాలి. ఇయెయాసు ఆరేళ్ళ వయసప్పటి నుంచి అలాంటి తాకట్టు పిల్లవాడే. ముందు ఒదా వాళ్ళ దగ్గర, తర్వాత 1560 దాకా ఇమగావా వాళ్ళ దగ్గర పెరిగాడు. 1586లో ఇయెయాసును ఒసాకాకు రప్పించడానికి హిదెయోషి ముందు చెల్లెలిని ఇచ్చి పెళ్ళి చేశాడు, అదీ చాలకపోతే కన్నతల్లినే అతని కోటకు పంపాడు. దేశం మొత్తం చేతికొచ్చాక ఏర్పాటు తిరగబడింది. సామంతుల భార్యాపిల్లలు ఒసాకాలోనో ఫుషిమిలోనో ఉండాలి. పేరుకు అది గౌరవం. ఇంటాయన ఎక్కడ తోక ఝాడించినా ఇంటావిడ ప్రాణం ఇక్కడ ఉంటుంది. ఇయెయాసు కూడా తక్కువేం తినలేదు. 1600లో మయెదా వాళ్ళ మీద కుట్ర ఆరోపణ మోపి, ఆ ఇంటి పెద్దావిడ మత్సును తన ఊరు ఎదోకు (ఇప్పటి టోక్యో) బందీగా తెప్పించుకున్నాడు. ఆమె సుమారు 14 ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. ఐదుగురు పెద్దల్లో ఒక బలమైన ఇల్లు ఆ ఒక్క దెబ్బతో చల్లబడింది.

1600 వేసవిలో ఇయెయాసు ఉయెసుగిని అణచడానికి తూర్పుకు బయలుదేరాడు. హిదెయోషి పాత సేనానులు చాలామంది అతని వెంట ఉన్నారు. వాళ్ళ భార్యలు ఒసాకాలో ఉన్నారు. మిత్సునారి వేసిన ఎత్తు ఇక్కడే: ఆడవాళ్ళను కోటలోకి తెచ్చి పెట్టుకుంటే మొగుళ్ళు దారికొస్తారు. మొదట తట్టిన తలుపుల్లో హొసొకావా వాళ్ళది ఒకటి. ఆ ఇంటి ఇల్లాలి అసలు పేరు తామా, గ్రాసియా క్రైస్తవ నామం. 1582లో నొబునాగాను హొన్నోజీ గుడిలో చంపించిన అకెచి మిత్సుహిదే కూతురు ఆమె. ద్రోహి కూతురన్న మచ్చతో భర్త తదయోకి ఆమెను కొండల్లో రెండేళ్ళు దాచిపెట్టాడు. తర్వాత కూడా ఇల్లు కదలనివ్వలేదు. 1587లో భర్త యుద్ధానికి వెళ్ళినప్పుడు రహస్యంగా ఒక్కసారి చర్చికి వెళ్ళొచ్చింది. మళ్ళీ బయటికి రావడం కుదరక ఇంట్లోనే, తన పరిచారిక చేత బాప్టిజం తీసుకుంది. ఆగస్టు 25న మిత్సునారి మనుషులు ఇల్లు చుట్టుముట్టారు. ఆమె కోటలోకి రానంది. క్రైస్తవులకు ఆత్మహత్య పాపం కాబట్టి ఇంటి సేవకుడు ఒగసవారా షోసాయి ఆమె ప్రాణం తీశాడు, ఇంటికి నిప్పు పెట్టాడు, తనూ చనిపోయాడు.

ఈ చావు మిత్సునారి ఎత్తును చిత్తు చేసింది. గొప్పింటి ఇల్లాలు ప్రాణమైనా ఇచ్చి బందీగా రానంటే, ఇంకో ఇంటి తలుపు తట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆ తర్వాత బందీలను బలవంతంగా పట్టుకునే పని మెత్తబడిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు. కురోదా, కతో ఇళ్ళ ఆడవాళ్ళను నమ్మకస్తులు దొంగచాటుగా ఒసాకా దాటించేశారు. భార్యలు కోటలో చిక్కి ఉంటే ఆ మొగుళ్ళు సెకిగహారాలో అంత నిబ్బరంగా నిలబడేవాళ్ళా? అనుమానమే.

సిరీస్ ఈ సంఘటనను తలకిందులు చేసింది. గ్రాసియా గడప దాటనంది, మారికో గడప దాటి తీరతానంది. తన ఇంటి ఆడవాళ్ళను తీసుకురమ్మని తొరనాగా ఆజ్ఞ, కాబట్టి వెళ్తున్నాను, మేము బందీలం కాకపోతే అడ్డుకోవడమెందుకు అని నలుగురిలో అడుగుతుంది. ఇషిదోకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్ళనిస్తే మిగతావాళ్ళూ మూటాముల్లె సర్దుకుంటారు. ఆపితే ఇన్నాళ్ళూ అతిథులని చెప్పినవాళ్ళు ఖైదీలేనని ఒప్పుకున్నట్టు. కోట ద్వారం దగ్గర ఆమె నగినాతా (పొడవాటి కర్రకు కత్తి బిగించిన ఆయుధం) పట్టుకుని కాపలావాళ్ళ మీదికి వెళ్ళే సన్నివేశం చూడండి. గెలవదని ఆమెకు తెలుసు. లోపలున్న ప్రతి సామంతుడి భార్యా చూస్తోంది, అది చాలు. ఆమె సాయంత్రానికి ప్రాణం తీసుకుంటానంటుంది, ఇషిదో దిగొచ్చి అనుమతి ఇస్తాడు, ఆ రాత్రే దొంగదారిన మనుషులను పంపిస్తాడు. వాళ్ళు తలుపు పేల్చేసే ముందు మారికో తన పేరు అకెచి మారికో అని చెప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి నోరెత్తి చెప్పుకోలేని ఇంటిపేరు అది. తండ్రి మచ్చ, తన చావు, ఇషిదో ఓటమి, మూడూ ఒక్క వాక్యంలో కలిశాయి. మారికోగా వేసిన అన్నా సవాయ్ ఎమ్మీకి ఆ ఎపిసోడ్ ఒక్కటే చాలనుకుంటాను.

దీని ఫలితం ఒచిబా ఉత్తరంలో కనిపిస్తుంది: వారసుడి సైన్యం యుద్ధానికి రాదు. వారసుడి జెండా లేకపోతే ఇషిదో ఒక మామూలు సామంతుడు, అంతే. చరిత్రలో యోదో ఇంత స్పష్టంగా పక్షం మార్చిన దాఖలా లేదు. కానీ హిదెయోరి సెకిగహారాకు రాలేదన్నది నిజం. యోదో జీవితం చూస్తే ఎవరినీ నమ్మకపోవడం ఆశ్చర్యమనిపించదు. ఆమె తండ్రి అజాయి నగమసా 1573లో ఆమె మేనమామ నొబునాగా చేతిలోనే నాశనమయ్యాడు. 1583లో తల్లి, మారు తండ్రి హిదెయోషి ముట్టడిలో చనిపోయారు. ఆ హిదెయోషికే ఆమె కొడుకును కన్నది. ఆమె చెల్లెలు గో, ఇయెయాసు కొడుకు హిదెతదా భార్య.

1600 అక్టోబరు 21న సెకిగహారాలో పొగమంచు విడిపోయాక మొదలైన యుద్ధం మధ్యాహ్నానికల్లా ముగిసింది. కొండ మీద గోడ మీది పిల్లిలా కూర్చున్న కొబయకావా హిదెయాకి మిత్సునారి పక్షం వదిలి, తన పక్కవాళ్ళ మీదికే దిగాడు. మోరి సైన్యాన్ని సొంత బంధువు కిక్కావా హిరోయియే కదలనివ్వలేదు. ఇద్దరితోనూ ఇయెయాసు మనుషులు ముందే మాట్లాడి ఉంచారు. మిత్సునారిని పట్టుకుని క్యోటోలో తల నరికారు. సిరీస్ దీన్ని చూపించకపోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. అప్పటికి తేలాల్సిందంతా తేలిపోయింది.

మినమోతో వంశమని చెప్పుకుని ఇయెయాసు 1603లో షోగున్ అయ్యాడు. రెండేళ్ళకే బిరుదు కొడుకు హిదెతదాకు ఇచ్చేశాడు, ఇది ఇక మా ఇంటి ఆస్తి అని అందరికీ తెలిసేలా. మనవరాలు సెన్‌ను హిదెయోరికి ఇచ్చి పెళ్ళి చేశాడు. 1615లో అదే ఒసాకా కోటను కాల్చి, హిదెయోరి, యోదో ప్రాణాలు తీసుకునేలా చేశాడు. తైకోకు చేసిన ప్రమాణం గురించి అడగడానికి అప్పటికి ఎవరూ మిగల్లేదు.

ఒసాకాలో విఫలమైన ఏర్పాటును మాత్రం అతని ఇల్లు పారేయలేదు, బాగుచేసి వాడుకుంది. మనవడు ఇయెమిత్సు 1635లో చట్టం చేశాడు: ప్రతి సామంతుడూ ఏడాది విడిచి ఏడాది ఎదోలో ఉండాలి. భార్య, వారసుడు ఎప్పటికీ అక్కడే ఉండాలి. పెద్ద ఊరేగింపుతో రాకపోకలకు, రెండు ఇళ్ళు నడపడానికి సామంతుల బియ్యంలో పెద్ద భాగం కరిగిపోయేది. యుద్ధానికి డబ్బు మిగిలేది కాదు. ఈ పద్ధతి 1862లో సడలించేదాకా నడిచింది. మిత్సునారి చేసిన పొరపాటు వీళ్ళు చేయలేదు. గొడవ వచ్చాక తలుపులు తట్టడం కాదు, దారులే కట్టేశారు. ఎదో నుంచి పడమటికి పోయే హకోనె కనుమ దగ్గర చెక్‌పోస్టు పెట్టి, లోపలికి వచ్చే తుపాకులను, బయటికి వెళ్ళే ఆడవాళ్ళను ముఖ్యంగా చూసుకోవాలన్న పద్ధతి పెట్టారు. వెళ్ళే స్త్రీ దగ్గర షోగున్ ప్రభుత్వం రాసిచ్చిన కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఉన్న మనిషి ఆమేనో కాదో తేల్చడానికి, జుట్టు విప్పి చూడటానికి, ఆడ తనిఖీదార్లనే కొలువులో పెట్టారు.